నా ఆటల కార్డు, నాయన మానిటర్

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు హరిణి పుట్టపర్తి నుంచి నా ఫోనుకు ఒక పట్టీ పంపింది. ఆ పిల్ల ఇంటరు అయిపోయింది. వాళ్ళ నాన్న కంప్యూటర్ కొనిస్తానన్నాడు. అందులోని భాగాలు ఒక్కొక్కటీ తనే ఏరుకుని, తనే బిగించుకుంటానని కూర్చుంది. ప్రాసెసర్ ఇది, బోర్డు ఇది, గ్రాఫిక్స్ కార్డు ఇది అని వరసగా రాసి, చివర "పెద్దమ్మా, డబ్బులు చాలడం లేదు, ఎక్కడ తగ్గించమంటావు?" అని అడిగింది. చూస్తే ఉన్న డబ్బులో సగం కార్డు మీదే పోసి, మానిటర్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముడుచుకుంది. ఇంత ఖరీదు కార్డు దేనికే అని అడిగాను. "ఆటలకు పెద్దమ్మా, ఇంకెందుకు?" అంది. ఆ ఒక్క ముక్క చెప్పడం దానికి ఎంత సులువయిందో చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే కాస్త అసూయ కూడా కలిగింది. దాని వయసులో ఆ మాట నా నోటికి రాలేదు. రాకపోవడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో, అప్పట్లో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకున్న మా చెల్లెలికి కూడా ఇన్నేళ్ళలో చెప్పలేదు.

మాది ధర్మవరం. మా ఇల్లంటే ముందుగదిలో గుంట మగ్గం, వెనక వంటిల్లు, మధ్యలో మేం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నాయన కూర్చుంటే, ఆయన తల మేం నేల మీద కూర్చున్నంత ఎత్తులో ఉండేది. నా చిన్నతనంలో నేను నాయన ముఖాన్ని ఎక్కువగా చూసింది అలాగే, సరిసమానంగా. తెల్లవారి ఉగ్గాని తిని గుంటలోకి దిగితే మధ్యాహ్నం సంగటి వేళకు గాని పైకి వచ్చేవాడు కాదు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కొత్త పట్టుకు ఒక పులిసిన వాసన ఉంటుంది, తడి తగిలితే ఇంకా ఎక్కువవుతుంది. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు గాని మాకది ఇంటి వాసన. నాకిప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే ఆకలి వేస్తుంది.

ఊళ్ళో నేసేవాళ్ళు వేలమంది ఉన్నారు. నాయనకు ఇంకో పని కూడా వచ్చు. అంచుల మీద, కొంగు మీద వచ్చే పూలు, పిందెలు, హంసలు గళ్ళ కాగితం మీద గీసేవాడు. ఒక్కో గడి ఒక్కో పోగు లెక్క. ఆ కాగితాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైన కట్టి ఆడిస్తే నాయన గీసిన పూవు పట్టులో పూస్తుంది. మాకు పట్టూ జరీ ఇచ్చి, కూలి ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు ఒకాయన ఉండేవాడు. ఆయన కొత్త డిజైను కావాలంటే నాయన దగ్గరికే వచ్చేవాడు. నేసినందుకు వచ్చే కూలి కంటే గీసినందుకు వచ్చేది తక్కువే. అయినా ఆ షావుకారు గడపలో నిలబడి "నారాయణప్పా, పిందె ఒకటి కావల్ల" అన్న రోజున నాయన మామూలు కంటే ఒక ముద్ద ఎక్కువ తినేవాడు. మగ్గం ఆయనకు బతుకు, గీత ఆయనకు గర్వం. నేను ఇంటరు చదివేనాటికే ఆయనకు నలభై ఐదు దాటింది. ఏళ్ళ తరబడి జరీ మెరుపు చూసి చూసి కళ్ళు అలిసిపోయాయి. గళ్ళు లెక్కపెట్టేటప్పుడు చీపురుపుల్ల కొనతో ఒక్కొక్కటీ తాకుతూ పోయేవాడు.

ఏ సరుకైనా చేత్తో తెలుసుకుని కొనడం నాయనకు అలవాటు. పట్టుపోగుల చుట్ట కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని నలిపి ఆ చప్పుడు వినేవాడు. ఒక పోగు తెంపి అగ్గిపుల్లతో కాల్చి వాసన చూసేవాడు. జరీ అయితే గోటితో గీకి, లోపలి పోగు తెలుపా, అసలు జరీకి ఉండే ఎరుపా అని వెలుగులో తిప్పి చూసేవాడు. ఆఖరికి దేన్నైనా అరచేతిలో ఉంచుకుని కళ్ళు మూసుకుని తూకం చూసేవాడు. కూరగాయల బండి దగ్గర కూడా ఇదే తంతు. ఆయన వంకాయ కొనేలోపు వెనక నలుగురు కొనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళని అమ్మ ఎగతాళి చేసేది.

ఇక నా సంగతి. ఇంటరు పరీక్షలు రాశాక, స్టేషను దారిలో జిరాక్సు షాపు వెనక గదిలో బాషా అన్న దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడానికి పోయేదాన్ని. ఆ గదిలో మూడు కంప్యూటర్లుండేవి, ఊళ్ళో చెడిపోయినవన్నీ బాగుచేసేదీ ఆయనే. ఆయన సొంత కంప్యూటర్లో ఒక కారు ఆట ఉండేది. అదే ఆట మిగతా రెండింటిలో పెడితే కారు కుంటుకుంటూ పోయేది. ఆయన దాంట్లో మాత్రం నీళ్ళలా పోయేది. అంతకంటే ముఖ్యం, అందులో వాన పడేది. కొండదారి పొడవునా పచ్చని చెట్లు, తడిసిన రోడ్డు, ఆ తడిలో దీపాల నీడలు. మాకు రెండేళ్ళుగా సరైన వాన లేదు. వీధిలోకి ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టి కూర్చునే రోజులవి. నేనా ఆటలో గెలవడానికి ఆడలేదు. ఆ వానలో తిరగడానికి ఆడాను. మిగతా రెండింట్లో వాన ఎందుకు పడదన్నా అంటే బాషా అన్న డబ్బా మూత తీసి పచ్చని పలక ఒకటి చూపించాడు. "ఈ కార్డు ఉంటేనే పడ్తాది పాపా. లేకుంటే ఎండే" అన్నాడు.

అదే రోజుల్లో షావుకారు నాయనతో, అనంతపురంలో ఎవరో కంప్యూటర్లో డిజైన్లు గీస్తున్నారనీ, ఒక గడి మార్చాలంటే కాగితమంతా మళ్ళీ గీసే పని లేదనీ చెప్పాడు. నాయన నాలుగు రోజులు ఆలోచించి, చీటీ పాడిన ముప్పై వేలు నా ముందు పెట్టాడు. "నువ్వు నేర్చుకుంటాండావు కదా పాపా, మన ఇంట్లో పెడదాం. ఏమేం కావల్నో నువ్వే రాయి. నాకు మాత్రం అద్దం పెద్దది ఉండల్ల. గళ్ళు కనపడల్ల" అన్నాడు. మానిటర్‌ను ఆయన ఎప్పుడూ అద్దమనే అనేవాడు. ఆయన అడిగింది ఆ ఒక్కటే.

బాషా అన్నా నేనూ కూర్చుని పట్టీ రాశాం. ఆయన పదిహేడు అంగుళాల మానిటర్ రాశాడు. నేను కార్డు రాయమన్నాను. "డిజైనుకు కార్డు ఏంటికి? బోర్డులో ఉండేదే చాలు" అన్నాడు. నేను ప్రాసెసర్ ఒక మెట్టు దించాను, హార్డ్ డిస్క్ చిన్నది చేశాను, అన్నిటికంటే చవక డబ్బా, దాంట్లోనే వచ్చే, కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ పెట్టాను. అలా గీకి గీకి కార్డుకు చోటు చేశాను. "నాయన అడిగితే డిజైనుకు కావాలని చెప్పన్నా" అన్నాను. బాషా అన్న కలం కింద పెట్టాడు. "మీ నాయన నన్నడిగితే ఉన్నమాటే చెప్తా. అడగకపోతే నేను నోరు తెరవను. అంతే నావల్ల అయ్యేది" అన్నాడు. నాయన ఆయన్ని అడగలేదు. ఇంట్లో చదువుకున్న కూతురు ఉండగా పైవాళ్ళను అడిగే మనిషి కాదు. ఈ కార్డు ఏందమ్మా అని నన్నే అడిగాడు. గీసేది స్పష్టంగా రావాలంటే ఇది కావాలి నాయనా అన్నాను. మా కాలంలో పుస్తకం అడగొచ్చు, పండక్కి పరికిణీ అడగొచ్చు. ఆట అడిగే వస్తువు కాదు. పైగా ఆడపిల్లనాయె.

నాయన, బాషా అన్న, నేను ముగ్గురం పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి బెంగుళూరు పోయాం. అమ్మ పులిహోర మూట కట్టిచ్చింది. అక్కడ కంప్యూటర్ విడిభాగాలు అమ్మే సందులో నాయన తెల్లపంచె, భుజం మీద తువ్వాలు ఎంత వింతగా ఉన్నాయో నాకప్పుడు సిగ్గనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తోంది. షాపాయన పట్టీ చూసి డబ్బాలన్నీ బల్ల మీద పేర్చి బిల్లు రాయబోయాడు. నాయన ఆపి, ఒక్కొక్కటీ విప్పమన్నాడు. షాపాయన బాషా అన్న వైపు చూశాడు, బాషా అన్న పైకప్పు వైపు చూశాడు. నాయన మదర్‌బోర్డు రెండు చేతులా పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నేను తల దించుకున్నాను. "ఈ గీతలు చూడు పాపా, ఒకదానికొకటి తగలకుండా ఎట్ల పోతాండాయో. ఎవడు గీసినాడో గాని మంచి పనివాడు" అన్నాడు. షాపాయనకు తెలుగు వచ్చు. అప్పటిదాకా విసుక్కుంటున్న మనిషి ఆ మాటకు బోర్డు వైపు తొంగి చూశాడు. రోజుకు పది అమ్మేవాడు గాని ఎప్పుడూ చూసినట్టు లేదు.

ఎస్ఎంపీఎస్ దగ్గర చిక్కు వచ్చింది. అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుని, "దీంట్లో ఏమీ లేదప్పా" అన్నాడు. ఇదేం చేస్తుందని నన్నే అడిగాడు, నేను బాషా అన్న వైపు చూశాను. మిగతావాటన్నిటికీ కరెంటు పంచేది ఇదేనని బాషా అన్న చెప్పాడు. ఇంకొకటి తెమ్మన్నాడు, అది రెండో చేతిలో పెట్టుకున్నాడు. అది దీనికి రెండింతలు బరువుంది. మా ఊరి కరెంటు సంగతి ఆయనకు తెలుసు. చుట్టూ పల్లెల్లో బోర్ల మోటార్లు వేస్తే మా ఇంట్లో బల్బు ఎర్రగా అయ్యేది. "అందరికీ కూడు పెట్టేదాన్ని చవకలో తెస్తే ఎట్లప్పా? ఇదే ఈ" అన్నాడు. బాషా అన్న నాతో నెమ్మదిగా, "మీ నాయన చెయ్యే కరెక్టు. మంచివి బరువుంటాయి" అన్నాడు. దానికి తగ్గ డబ్బా కూడా మార్చాల్సి వచ్చింది. కలిపి రెండు వేల పైన పెరిగింది. చీటీ డబ్బులు చాలవు, చేతిలో తిరుగు రైలుకు మాత్రమే ఉంది.

నాయన పట్టీని బల్ల మీద పరిచి వేలితో ఒక్కో వరసా తాకుతూ పోయాడు. వేలు కార్డు దగ్గర ఆగింది. "పాపా, ఇది లేకుంటే డిజైను రాదా?" అని అడిగాడు. నా పక్కనే బాషా అన్న ఉన్నాడు. ఎదురుగా అద్దాల పెట్టెలో ఆ కార్డు ఉంది. నాకు ఆ తడి రోడ్డు కనిపించింది.

"రాదు నాయనా" అన్నాను.

"అట్లైతే దాన్ని ముట్టుకోవద్దు. అద్దం చిన్నది ఇయ్యప్పా" అన్నాడు. పదిహేడు కొట్టేసి పదిహేను రాశారు. బాషా అన్న చేతులు దులుపుకుని బయటకు పోయి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. తిరుగు రైల్లో హిందూపురం దాటేదాకా నాకు దూరంగా తలుపు దగ్గరే కూర్చున్నాడు. నాయన మాత్రం మానిటర్ డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకుని, ఎదురుగా కూర్చున్న అందరికీ అదేమిటో చెప్పుకుంటూ వచ్చాడు.

కంప్యూటర్ వచ్చిన రోజు అమ్మ డబ్బాకు పసుపు కుంకుమ పెట్టింది. దుమ్ము పడకుండా పాత పట్టుపంచె చించి ముసుగు కుట్టింది. కంప్యూటర్ నడుస్తున్నా ఆ ముసుగు తీసేది కాదు. వేడెక్కి ఆగిపోతే బాషా అన్న వచ్చి, "అక్కా, దానికి గోషా ఏంటికి, గాలి ఆడనీ" అని తిట్టిపోయాడు. మధ్యాహ్నం సంగటి తిన్నాక నాయన గంట కూర్చునేవాడు, ఆ తర్వాత నేను. నేను ఆడుతుంటే ఏదో నేర్చుకుంటున్నాననుకుని అమ్మ మజ్జిగ తెచ్చి పక్కన పెట్టేది. గ్లాసు అందుకుంటూ ఆమె ముఖం వైపు చూసేదాన్ని కాదు.

చిన్న మానిటర్లో చిక్కేమిటంటే, గళ్ళు కనపడేంత పెద్దగా చేస్తే పిందె మొత్తం కనపడదు. మొత్తం కనపడేలా చేస్తే గళ్ళు కలిసిపోతాయి. నాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు తెరకు ఆనించి, చీపురుపుల్లతో తాకుతూ లెక్కపెట్టేవాడు. కళ్ళు నీళ్ళు కారితే తువ్వాలుతో ఒత్తుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. మామిడిపిందెల అంచు ఒకటి అలా ఇరవై రోజులు గీశాడు. షావుకారు తీసుకుపోయి అట్టలు కొట్టించి, వేరే మగ్గం మీద కట్టించాడు. నెల తిరక్కముందే చీర చంకలో పెట్టుకుని వచ్చి మా ముందుగదిలో పరిచాడు. పిందె కొన దగ్గర ఒక వరస గళ్ళు తప్పిపోయాయి. ఒక పిందెలో తప్పితే చీర పొడవునా ప్రతి పిందెలోనూ తప్పినట్టే. అంచు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కొనలు విరిగిన పిందెలు వరసగా ఉన్నాయి.

"ఏమప్పా నారాయణప్పా, ఇట్లాయె?" అన్నాడు షావుకారు. కోపం కూడా చేయలేదు. "కండ్లు చూపించుకో. అంతవరకు గీసే పని ఇంకొకరికి ఇస్తాలే" అని చీర మడిచి తీసుకుపోయాడు. నాయన గుంట అంచున కూర్చుని కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత గళ్ళ కాగితాలన్నీ చుట్టి, పడుగు పోగుతో కట్టి అటక మీదికి ఎక్కించాడు. "నా కండ్ల పని అయిపాయె. మగ్గం ఉండాది, నేసుకుంటా" అని అమ్మతో అన్నాడు. అమ్మ కళ్ళు ఒత్తుకుంది. ఆ రోజు ఆయన సంగటి సగం వదిలేశాడు.

ఇప్పుడు నేనూ చీరల డిజైన్లు గీసే పనిలోనే ఉన్నాను. నా బల్ల మీద రెండు మానిటర్లున్నాయి, ఒక్కొక్కటీ అప్పటిదానికి రెండింతలుంటుంది. భాగాలు కావాలంటే ఫోనులో ఏరుకుంటే ఇంటికే వస్తాయి, అరచేతిలో పెట్టుకుని చూసేవాళ్ళు లేరు. నాయన రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించుకుని నాకంటే బాగా చూస్తున్నాడు, నా చీరలో మాసికలు దూరం నుంచే చెబుతాడు. వానలు మాత్రం ఇప్పటికీ వాటి ఇష్టమే. అప్పటికీ ఇప్పటికీ మంచేది చెడేది అని నన్నడిగితే, పిల్లలు కావలసింది కావాలని అడగగలగడం ఒక్కటి చాలు, ఈ కాలానికి నేను దండం పెడతాను. మేం అడగలేక చేసిన పనులు మామీదే పడి ఉంటే సరిపోయేది. అవి పెద్దవాళ్ళ మీద పడ్డాయి.

షావుకారు చీర మడిచి తీసుకుపోయిన మర్నాడు పొద్దున నాయన గుంటలో నేస్తున్నాడు. నేను పోయి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ముఖం ముఖానికి ఎదురుగా ఉంది. "నాయనా, తప్పు నీ కండ్లది కాదు. ఆ కార్డు డిజైనుకు పనిలేదు. ఆటకు కావాలని నేనే అబద్ధం చెప్పినా. అది లేకుంటే పెద్ద అద్దం వచ్చేది" అన్నాను. అంతా ఒక్క గుక్కలో అనేశాను. మగ్గం ఆగిపోయింది. అమ్మ రాట్నం కూడా ఆగింది.

"ఆటకా?" అన్నాడు.

"ఊ."

మగ్గం మీద ఇంకో నాలుగు పేకపోగులు కొట్టాడు. మళ్ళీ ఆపాడు. నా వైపు చూడకుండా పోగులు సర్దుతూ అన్నాడు. "అడిగింటే ఇచ్చింటి కదమ్మా. చిన్న అద్దం చాల్లే, నా బిడ్డ ఆడుకోనీ అని నేనే చెప్పింటి. కండ్లు నొప్పి పెట్టినా, నా బిడ్డ కోసరమే కదా అని సంతోషంగా చూస్తాంటి. అడిగినా అడగకున్నా నేనిచ్చేది ఇదే. ఇచ్చిన సంతోషం మాత్రం నాకు లేకుండా చేస్తివి."

కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఏడుస్తూనే, కార్డు బాషా అన్నకు అమ్మేసి పెద్ద మానిటర్ తెస్తానన్నాను. "పిల్లలకు ఇచ్చింది వెనక్కి గుంజుకునేదానికి నేనేం షావుకారునా?" అన్నాడు. అమ్మ కొంగులో నవ్వింది. తర్వాత నాయన ఎన్నడూ చేయని పని చేశాడు. సంగటి వేళ కాకముందే గుంటలోంచి లేచి వచ్చాడు. "చూపీ, ఏం ఆటో" అని కంప్యూటర్ పక్కన కూర్చున్నాడు. కొండదారిలో వాన మొదలైంది. ముందుకు వంగి, "ఇది వానా?" అన్నాడు. ఊ అన్నాను. "దీనికేనా?" అన్నాడు. దీనికే నాయనా అన్నాను. చాలాసేపు చూశాడు. నాకు కళ్ళలో నీళ్ళు నిండి రోడ్డు కనపడక కారును గోడకు కొట్టాను. "ఇంత మాత్రానికా అబద్ధం ఆడితివి, నీకు తోలేది కూడా రాదే" అని మొదటిసారి నవ్వాడు.

ఆ మధ్యాహ్నం నుంచి కొత్త పద్ధతి పెట్టాడు. అటక మీది కాగితాలు దించాడు. ఆయన పక్కన కూర్చుని గళ్ళు చెప్పేవాడు, నేను తెర మీద నింపేదాన్ని. రెండు నిండు, ఒకటి ఖాళీ, మూడు నిండు అంటూ పోయేవాడు. చివర్లో నేను లెక్క అప్పజెప్పాలి. వారం తిరిగేసరికి విరిగిన పిందెలు బాగుపడ్డాయి. రెండు నెలలకు షావుకారు మళ్ళీ మా గడపలో నిలబడ్డాడు. రోజుకు గంట పని, అయ్యాక అరగంట ఆట అని ఒప్పందం. ఆ గంట ఏ ఒక్కరోజూ పూర్తి కాలేదు. ఇంకా పది పన్నెండు వరసలు మిగిలి ఉండగానే చీపురుపుల్ల పక్కన పడేసి, "చాల్లే ఈ పొద్దుకు, ఇంక ఆడుకో పో" అనేవాడు. అని వెంటనే లేచేవాడు కాదు. నేను ఆట పెట్టేదాకా ఉండి, వాన మొదలయ్యాక, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి గుంటలోకి దిగేవాడు.